చంద్రరావు గారు చుట్టిన రోడ్డు

రాజమండ్రిలో మా సందులో, సంపూర్ణమ్మ గారి టీ కొట్టు ముందు, నాలుగు నెలలుగా ఒక గొయ్యి ఉండేది. ఇంటర్నెట్ కేబుల్ కోసం సగం రోడ్డు దాకా అడ్డంగా తవ్వారు. కేబుల్ వేశారు, పైపైన మట్టి లాగేశారు, మొదటి వానకే అదంతా కుంగిపోయి మోకాలి లోతు గొయ్యి మిగిలింది. తవ్వించిన కాంట్రాక్టరు చంద్రరావు గారు మళ్ళీ ఇటు తొంగి చూడలేదు. కొట్టుకొచ్చే వాళ్ళం అందరం అక్కడికి రాగానే పెద్ద అంగ వేసి దాటడం నేర్చుకున్నాం. అరటి గెలల తోపుడు బండి చిట్టియ్య మాత్రం బండితో అంగ వెయ్యలేడు కాబట్టి రెండుసార్లు అందులో పడ్డాడు.

ఆ గొయ్యి మొన్న ఆదివారం పూడిపోయింది. ఎవరు పూడ్చారో మా అందరికీ తెలుసు.

మంగళవారం పొద్దున్న పదింటికి చంద్రరావు గారు వచ్చారు. చెవి దగ్గర ఫోను, చంకలో ప్లాస్టిక్ ఫోల్డరు. ఫోన్లో ఎవరినో కేకలేస్తూనే కొట్టు ముందు పెద్ద అంగ వేసి, లోపలికొచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఫోను పెట్టేశాక తల తిప్పి రోడ్డు వైపు చూశారు. నోరు తెరిచి, మళ్ళీ మూశారు. తర్వాత ఫోల్డర్లోంచి ఒక కాగితం తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

అదేం కాగితమో నాకు తెలుసు. పక్కనే మిక్సీలు బాగుచేసే కొట్టు నాది, ఈ సందులో నాకు తెలియని కాగితం ఉండదు. మా దగ్గర రోడ్డు తవ్వాలంటే పర్మిషన్ కావాలి. తవ్వినవాళ్ళు రోడ్డుని మళ్ళీ మామూలుగా చేసి, ఎదురుగా ఉన్నవాళ్ళ చేత 'బాగానే పూడ్చారు' అని సంతకం పెట్టించుకుని తేవాలి. అది తెస్తే తప్ప ఇంకో పర్మిషన్‌కి దరఖాస్తు తీసుకోరు. పక్క వీధిలో కుళాయి పైపుల పని ఉంది. దానికి దరఖాస్తు పెట్టడానికి ఆ సాయంత్రమే ఆఖరు. అంటే చంద్రరావు గారి పనంతా సంపూర్ణమ్మ గారి వేళ్ళ మధ్య ఉంది.

"ఏం సంపూర్ణమ్మ గారూ, చూశారా మన పని?" అని మొదలుపెట్టారు. "చంద్రరావు రాడు, చంద్రరావు మర్చిపోయాడు అని నా వెనకాల ఎన్ని అనుకున్నారో నాకు తెలీదనుకోకండి. మొన్న ఆదివారం మీరు చర్చికెళ్ళేరు, కొట్టు కట్టేసుంది, సందులో అడ్డెవరూ లేరు, అప్పుడు నలుగురు మనుషుల్ని పెట్టి, నేను దగ్గరుండి పూడ్పించేనండి. చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. పని చెయ్యడం, పక్కకి తప్పుకోవడం, అంతే."

సంపూర్ణమ్మ గారు టీ వడపోస్తూ, "మీరేనా అండి?" అన్నారు.

"ఆయ్, నేనేనండి."

ఆవిడ నా వైపు చూశారు. నేను చిట్టియ్య వైపు చూశాను. చిట్టియ్య తన టీలోకి చూసుకున్నాడు. ఎంత దూరం వెళ్తారో చూద్దామని ఎవరం ఏమీ అనలేదు. రిటైరైన శివరామకృష్ణ మాస్టారు మాత్రం పేపరు మడిచి, అమాయకంగా, "మట్టి పొరలు పొరలుగా వేసి తొక్కించాలంటారు కదండీ. రూబీ గారు జానెడుకో పొర వేయిస్తారని విన్నాను," అన్నారు.

రూబీ గారు ఆరేళ్ళు చంద్రరావు గారి ఆఫీసులోనే దరఖాస్తులు రాశారు. రెండేళ్ళ క్రితం సొంతంగా పనులు పట్టడం మొదలుపెట్టారు. అప్పట్నుంచి ఆ పేరు వింటే ఈయనకి టీ కూడా చేదుగానే ఉంటుంది.

"పొద్దున్నే ఆ పేరెందుకు మాస్టారూ. జానెడుకో పొర వేస్తే అది పనంటారా? నేను గోరు మందానికో పొర వేయించేనండి. నూట ఎనిమిది పొరలు. ఒక్కో పొర మీదా నీళ్ళు చల్లడం, దిమ్మిస కొట్టడం, కొట్టేక నిండా టీ ఉన్న గ్లాసు దాని మీద పెట్టడం, పక్కన మా మేస్త్రి, తొంభై కిలోల మనిషి, ఎగిరి దూకడం. గ్లాసులో టీ ఒలికితే ఆ పొర పీకి మళ్ళీ వెయ్యాలి. అలా పెట్టుకున్నాను రూలు. ఆత్రేయపురంలో పూతరేకులు పేర్చినట్టు పేర్చుకుంటూ వచ్చేను, నమ్మకపోతే తవ్వి చూసుకోండి."

"తవ్వాలంటే మళ్ళీ పర్మిషన్ కావాలి కదండీ," అన్నాడు చిట్టియ్య.

"కావాలి. అదీ మాట. పర్మిషన్ అంటే గుర్తొచ్చింది..."

"రూబీ గారికి మొన్న నాలుగు రోజుల్లో వచ్చిందటండి," అన్నారు మాస్టారు.

"నాలుగు రోజులా?" చంద్రరావు గారు గ్లాసు కింద పెట్టేశారు. "నాలుగు రోజులు పట్టిందని చెప్పుకోవడానికి సిగ్గుండాలండి. కోటిపల్లి బస్టాండు దగ్గర రెండు కిలోమీటర్ల పనికి నేను నాలుగు గంటల్లో తెచ్చేను. అదీ ఒక్క ఆఫీసు కాదు. రోడ్డు వాళ్ళు, కుళాయి వాళ్ళు, కరెంటు వాళ్ళు, మురిక్కాలవల వాళ్ళు, ట్రాఫిక్కు వాళ్ళు, అందరి సంతకాలూ. కానీ సంతకం ఊరికే పెడతారా, తలా ఒక షరతు రాస్తారు. పిల్లలు స్కూలుకెళ్ళేటప్పుడు తవ్వకూడదని ఒకాయన, ఇంటికొచ్చేటప్పుడు తవ్వకూడదని ఇంకొకాయన, బస్సులు తిరిగేటప్పుడు వద్దని ఒకరు, కుళాయి వచ్చే టైములో వద్దని ఒకరు, పక్కన ఆసుపత్రిలో డాక్టరు గారు భోంచేసి కునుకు తీస్తారు కాబట్టి అప్పుడూ వద్దని ఒకరు. ఇవన్నీ తీసేస్తే రోజు మొత్తంలో ఎంత మిగిలిందో తెలుసా? మధ్యాహ్నం ఒంటిగంటా నలభై తొమ్మిది నుంచి రెండు దాకా. పదకొండు నిమిషాలు."

"మరేం చేశారండి?" అన్నాను నేను.

"ఏం చేస్తాను, రెండు వేల మందిని దింపేను. మీటరుకి ఒకడు, చేతిలో గునపం. ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు. సరిగ్గా ఒకటీ నలభై తొమ్మిదికి నేను విజిలేసేను. రెండు వేల గునపాలు ఒక్కసారి లేచేయి, ఒక్కసారి దిగేయి. ఒక్కటే దెబ్బ, రెండో దెబ్బ లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోదారి అవతల కొవ్వూరు స్టేషన్లో జనం బ్రిడ్జి మీద రైలొస్తోందనుకుని మూటలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు. ఒంటిగంటా యాభై ఎనిమిదికి పైపు వేసి, పూడ్చి, తారు పోసి, తట్టలు కడుక్కుని కూర్చున్నాం. ఇంకా రెండు నిమిషాలు మిగిలితే తలా ఒక బీడీ కాల్చుకోమన్నాను."

"రెండు వేల మందికీ బీడీలు దొరికేయా అండి?" అన్నాడు చిట్టియ్య. అతను ఎత్తిపొడుపు మాటలో కూడా మర్యాద వదలడు.

"నీకు బీడీల మీదే ఉంటుందయ్యా ధ్యాస. పనిచేసే విధానం చూడు."

మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "కానీ రూబీ గారు ఈ మధ్య రోడ్డే తవ్వట్లేదట కదండీ," అన్నారు. "ఇక్కడో గుంట, అక్కడో గుంట తీయించి, మధ్యలో కిందనుంచే మిషన్‌తో పైపు లాగేస్తున్నారట. పైన రోడ్డు చెక్కుచెదరట్లేదు. మొన్న నేను చూశాను, పని జరుగుతుంటే పైన ఆవిడెవరో ముగ్గు పెట్టుకుంటోంది."

ఇది నిజం. నేనూ చూశాను. చంద్రరావు గారు కూడా చూసే ఉంటారు, ఎందుకంటే మెడ దగ్గర నరం కనపడింది.

"మిషన్ ఎవరైనా తెస్తారండి. అద్దెకిస్తారు మిషన్లు. మిషన్ లేకుండా, గుంట లేకుండా, రోడ్డుకి గీటు పడకుండా పైపు వేసిన మొగాడు ఎవరైనా ఉన్నారా? ఎలా వేసేనో తెలుసా? రోడ్డు చుట్టేసేను."

"చుట్టెయ్యడమేంటండి?" అన్నారు సంపూర్ణమ్మ గారు.

"చాప చుట్టినట్టేనండి. మే నెల ఎండకి తారు మెత్తబడుతుంది కదా, ఆ అదును చూసుకోవాలి. అట్టు తిరగెయ్యడానికి మీరు అట్లకాడ అంచు కింద ఎలా పెడతారు, అంచు తెగకుండా, నడుమ చిరగకుండా, అలాగ పన్నెండు మంది అటొకళ్ళు ఇటొకళ్ళు నిలబడి రోడ్డు అంచు లేపేం. లేచింది. ఇక చుట్టుకుంటూ పోవడమే. ఒకాయన స్కూటరు పక్కకి తియ్యమంటే తియ్యలేదు, బ్యాంకులో పనుందని లోపలికెళ్ళిపోయేడు, అది కూడా చుట్టలో పోయింది. రెండు కిలోమీటర్ల రోడ్డు, చుడితే ఎంతయిందనుకున్నారు, మన గడ్డిమేటంత అయింది. దాన్ని గోడకి చేరేసి, పైపు పరిచి, మళ్ళీ విప్పుకుంటూ వెళ్ళిపోయేం. విప్పేక బ్యాంకు ముందు స్కూటరు మళ్ళీ అక్కడికే వచ్చింది. ఆయన బయటికొచ్చి ఒక్క కిక్కు కొట్టేడు, స్టార్టయింది, ఇంటికెళ్ళిపోయేడు. ఇప్పటికీ ఆయనకి తెలీదు."

చిట్టియ్య నవ్వు ఆపుకోవడానికి బన్ను ముక్క నోట్లో కుక్కుకున్నాడు.

"నవ్వకు. అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఎండకి రోడ్డు సాగింది. విప్పేసరికి చివర మూడు గజాలు మిగిలిపోయింది. ఇంజినీరు గారేమో 'ఉన్న రోడ్డుని ఉన్నట్టు పెట్టడానికే మీకు పర్మిషన్, ఎక్కువ రోడ్డు వెయ్యడానికి కాదు' అన్నారు. న్యాయమేగా. ఆ ముక్క భుజాన వేసుకెళ్ళి రావులపాలెం అరటి మార్కెట్ వాళ్ళకిచ్చేసేను. గెలలు లారీ ఎక్కించడానికి వాలుగా వేసుకున్నారు."

"నేను రోజూ సరుక్కి అక్కడికే వెళ్తానండి. ఎక్కడుందండి అది?"

"కనపడితే నా పని ఎందుకవుతుంది? అలా కలిసిపోయింది."

ఈసారి నాకే దురద పుట్టింది. ఊరుకుంటే బాగుండును కానీ ఊరుకోలేదు. "రూబీ గారికి కాలవ దాటించే పని కూడా వచ్చిందటండి. ఇరిగేషన్ వాళ్ళు కాగితం ఒక్కసారి చూసి సంతకం పెట్టేశారట," అన్నాను.

"కాలవ," అన్నారు చంద్రరావు గారు. ఆ మాట నోట్లో రాయి పడ్డట్టు అన్నారు. "కాలవ దాటించడం కూడా చెప్పుకుంటున్నారన్నమాట. నేను గోదారినే దాటించేనండి. ధవళేశ్వరం దగ్గర, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, నీళ్ళ కింద నుంచి. దానికి ఎవరి సంతకం కావాలో తెలుసా? రోడ్డు తవ్వితే రోడ్డు పక్కన ఉన్నవాళ్ళ సంతకం కావాలి కదా, మరి గోదారి అడుగు తవ్వితే అక్కడ ఉండేదెవరు? పులసలు. వరద రోజులు, సముద్రంలోంచి ఎదురెక్కి వస్తున్నాయి. పీకల్లోతు నీళ్ళలో నిలబడ్డాను, ఒక చేతిలో ఇంకు ప్యాడు, ఒక చేతిలో ఫైలు నెత్తి మీద. వచ్చిన పులసనల్లా ఆపడం, విషయం చెప్పడం, రెక్క ముద్ర వేయించుకోవడం. నాలుగు వందల ముద్రలు. అన్నీ వేసేయి, ఒక్కటే ముసలి పులస ఆగింది. పెద్దది, మీ కిటికీ అంత ఉంటుంది. ఫైలు చూసింది, నన్ను చూసింది, చూసి, 'కాగితాలు రూబీ గారు రాసినవేనా?' అనడిగిందండి."

పాలు పొంగుతుంటే సంపూర్ణమ్మ గారు మంట తగ్గించారు.

చంద్రరావు గారికి కూడా ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియనట్టుంది. చేతిలో కాగితం నలిపి, మళ్ళీ సాపు చేసుకున్నారు.

"అంటే ఏంటండీ," అన్నారు, గొంతు తగ్గించి, "నాకు కడుపు మండదా? ఆరేళ్ళు నా బల్ల మీదే రాసింది. స్కెచ్ ఎలా గియ్యాలో, ఏ కొలత ఎక్కడ వెయ్యాలో, నా దగ్గరే నేర్చుకుంది. ఆరేళ్ళలో ఒక్క కాగితం వెనక్కి రాలేదు, అది నా పలుకుబడి అనుకున్నాను. ఇప్పుడు నేనెళ్తే 'స్కెచ్ లేదండి, ఫోటో లేదండి' అని మూడేసి సార్లు తిప్పుతున్నారు. తను వెళ్తే కూర్చోమంటారు. పోనీ నా పేరు ఎక్కడైనా చెప్తుందా అంటే అదీ లేదు. గురువుకే పంగనామాలు పెట్టే రోజులు." నిటారుగా కూర్చుని, "సరే, ఆ పులస చివరికి వేసింది ముద్ర. వెయ్యక ఏం చేస్తుంది," అన్నారు.

"తర్వాత కూర వండించారా అండి?" అన్నాడు చిట్టియ్య.

"సాక్షిని వండుకుంటే పర్మిషన్ రద్దయిపోదూ. పంపించేసేను." ఆయనకి మళ్ళీ ఊపొచ్చింది. "అంతెందుకండి, గోదారి వద్దు, కోటిపల్లి బస్టాండు వద్దు, ఇక్కడే చూడండి, ఈ కొట్టు ముందు. ఇందాకట్నుంచి చెప్పినవి మీరు నమ్మినా నమ్మకపోయినా, ఇది కళ్ళ ముందుంది. ఎక్కడుందండి గొయ్యి? ఎక్కడ తవ్వేం, ఎక్కడ పూడ్చేం, పాత రోడ్డు ఎక్కడాగింది, కొత్తది ఎక్కడ మొదలైంది, ఎవరైనా చెప్పగలరా? దేశంలో ఉన్న ఇంజినీర్లందర్నీ భూతద్దాలిచ్చి దింపండి. వాళ్ళ దాకా ఎందుకు, తవ్వించినవాణ్ణి నేను, పూడ్పించినవాణ్ణి నేను, గొయ్యి ఎక్కడుండేదో నాకే తెలీట్లేదు. కళ్ళు మూసుకుని నడిచినా నా కాలికి తెలీదు. అదండీ చంద్రరావు పని. ఇదిగో సంపూర్ణమ్మ గారూ, బాగానే పూడ్చారని ఇక్కడో సంతకం పడేస్తే, సాయంత్రం లోపు ఇచ్చేసి వస్తాను."

కాగితం బల్ల మీద పెట్టి, పెన్ను మూత తీసి దాని మీద పెట్టారు.

చిట్టియ్య బన్ను మింగేసి, మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నాడు. అంతా అయ్యాక నెమ్మదిగా అడిగాడు.

"ఏవండీ, మరి ఇందాక వచ్చేటప్పుడు అక్కడెందుకు గెంతేరండీ?"

చంద్రరావు గారు రోడ్డు వైపు చూశారు. మేమూ చూశాం. చదునుగా ఉన్న రోడ్డు మీద, గొయ్యి ఉండే చోటుకి సరిగ్గా ఇవతలా అవతలా, తడి బురద బూటు ముద్రలు రెండు, మధ్య గజం ఎడంతో, అలాగే ఉన్నాయి.

"మేం ఆదివారం నుంచి మానేశామండి గెంతడం," అన్నాడు చిట్టియ్య. "పూడ్చింది మాకు తెలుసు కదండీ."

సంపూర్ణమ్మ గారు చేతులు కొంగుకి తుడుచుకుని ఇటొచ్చారు. ఆవిడకి ఎవరినీ నొప్పించడం ఇష్టం ఉండదు. మెల్లిగానే చెప్పారు.

"రూబీ గారు పూడ్పించారండి. పక్క వీధి అవతల ఆవిడ పని జరుగుతోంది కదా, పైపుల ట్రాక్టరు ఈ గొయ్యి దాటి రాదని. నేను చర్చి నుంచి వచ్చేసరికి మనుషులు దిమ్మిస కొడుతున్నారు, ఆవిడ ఎండలో నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. అందరికీ టీ నేనే ఇచ్చాను. సంతకం కూడా ఆవిడ కాగితం మీద పెట్టేశానండి. ఒక గోతికి రెండు సంతకాలు ఎలా పెట్టమంటారు?"

"నా గొయ్యి అది," అన్నారు చంద్రరావు గారు. "నా పర్మిషన్ మీద తవ్విన గొయ్యి. అడక్కుండా ఎలా పూడుస్తుంది?"

"అడిగారండి. మీకు మూడుసార్లు ఫోన్ చేశారట, ఎత్తలేదట. అప్పుడు ఆఫీసుకెళ్ళి, వేరేవాళ్ళు తవ్విన గొయ్యి పూడ్చుకోవడానికి పర్మిషన్ అడిగారట. అలాంటి దరఖాస్తు ఇంతవరకు ఎవరూ పెట్టలేదని వాళ్ళే ఆశ్చర్యపోయారట. నాకు చూపించారు కాగితం. అందులో మీ పేరు కూడా రాశారండి."

ఆయన తల ఎత్తారు. "నా పేరా? ఏమని?"

"తవ్వినవారు అన్నచోట, చంద్రరావు గారు అని. 'గారు' కూడా పెట్టారు."

ఆ మాటకి మాస్టారు కూడా పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. పెన్ను మూత ఎక్కడ పడిందో కనపడక చంద్రరావు గారు బల్ల కింద వెతుక్కుంటుంటే నేనే వంగి తీసిచ్చాను. కాగితం ఫోల్డర్లో పెట్టుకున్నారు. టీ సగం ఉంది, తాగలేదు.

"ఎన్ని పొరలు వేయించింది?" అనడిగారు లేస్తూ.

"లెక్కపెట్టలేదండి," అన్నారు సంపూర్ణమ్మ గారు.

ఆయన రోడ్డు దాకా వెళ్ళి, ఆ చదును చేసిన చోటు ముందు ఆగారు. మేమంతా ఆయన కాళ్ళకేసే చూస్తున్నాం. కుడి కాలు కొంచెం లేచింది, మళ్ళీ దిగింది. వంగి, దాని అంచుని బూటు మొనతో నొక్కి చూసి, ఎవరితోనూ కాకుండా, "కొంచెం కుంగుతున్నట్టే ఉంది," అన్నారు.

అప్పుడే చిట్టియ్య ఆరు గెలలున్న బండి తోసుకుంటూ ఆయన పక్కనుంచి దాని మీదుగా వెళ్ళాడు. ఒక్క గెలా ఊగలేదు. చంద్రరావు గారు ఆ బండి మలుపు తిరిగేదాకా చూసి, ఫోల్డరు చంకలో సర్దుకుని, దాని మీద కాలు పెట్టకుండా, తవ్వని సగం మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు.